పసి మెడకు కత్తి ఎప్పుడు?

పుట్టుకతో మెడ వంకర ఉన్న పిల్లవాడికి ఆపరేషన్ చేసి సరిచేశారన్న వార్త జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ కనిపిస్తుంటుంది. రెండు ఫొటోలు పక్కపక్కన వేస్తారు. ఒకదాంట్లో తల భుజం మీదికి వాలి ఉంటుంది, రెండోదాంట్లో నిటారుగా నిలబడి ఉంటుంది. చదివినవాళ్లకు రెండు అభిప్రాయాలు మిగులుతాయి: ఇలాంటి బిడ్డకు ఎప్పటికైనా కత్తి పడాల్సిందేనని, కత్తి పడ్డాక ఇక పని అయిపోయినట్టేనని. రెండూ తప్పే. ఈ లోపంతో పుట్టిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా, సకాలంలో మొదలుపెడితే, మెడకు చేయించే కసరత్తులతోనే బాగుపడతారు. మిగిలిన కొద్దిమందికి ఆపరేషన్ కావాలి. అదేమీ ప్రాణాల మీదికి తెచ్చే పెద్ద ఆపరేషన్ కాదు గాని, దాని ఫలితం నిలిచేదీ చెడేదీ ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలపాటు ఇంట్లో జరిగే పనిని బట్టి ఉంటుంది. అంటే సర్జన్‌కు ముందూ వెనకా ఉన్నవి ఇంటివాళ్ల చేతులే. దివిసీమలోని అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు లాంటి చోట్ల ఈ పిల్లలకు కావాల్సింది కొత్త ఆపరేషన్ థియేటర్ కన్నా ముందు, బిడ్డ పుట్టిన నెల లోపు మెడను రెండు వైపులా తిప్పి చూసే ఒక మనిషి. ఆపరేషన్ అయ్యాక వారం వారం కసరత్తు చూసి దిద్దే మరో మనిషి. నా వాదన అంతా ఇదే.

ముందు లోపం ఎక్కడుందో చూద్దాం. చెవి వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక దగ్గర మొదలై, మెడ మీదుగా ఏటవాలుగా దిగి, రెండు పాయలుగా చీలి, ఒక పాయ రొమ్ము ఎముకకు, రెండో పాయ కాలర్ బోన్‌కు అతుక్కునే కండరం ఒకటుంది. దాని పేరు స్టెర్నోక్లీడోమాస్టాయిడ్. తల పక్కకు తిప్పినప్పుడు మెడ మీద తాడులా పైకి తేలేది ఇదే. కుడివైపు కండరం బిగుసుకుంటే తల కుడి భుజం వైపు వాలుతుంది, గడ్డం మాత్రం ఎడమకు తిరుగుతుంది. కాబట్టి బిడ్డ ఎటు చూస్తోందో అటువైపు లోపం ఉందనుకోవడం పొరపాటు. తల ఎటు వాలిందో అటు కండరంలోనే లోపం. కొందరు పసివాళ్లలో ఆ కండరం కొంత మేర సాగే గుణం పోగొట్టుకుని నారలాంటి కణజాలంగా మారిపోయి, పొట్టిగా ఉండిపోతుంది. వైద్యులు దీన్ని కంజెనిటల్ మస్క్యులర్ టార్టికోలిస్ అంటారు. పసివాళ్లలో కనిపించే ఎముకలు, కండరాల లోపాల్లో ఇది అరుదైనదేమీ కాదు. కాలి మడమ వంకర, తుంటి కీలు జారడం, ఆ తర్వాత చెప్పుకునేది దీన్నే.

ఎందుకొస్తుందన్నది పూర్తిగా తేలలేదు. 19వ శతాబ్దంలో జర్మన్ సర్జన్ స్ట్రోమేయర్, కాన్పులో కండరం చిట్లి రక్తం గడ్డకట్టడం వల్ల వస్తుందన్నాడు. ఎదురుకాళ్లతో పుట్టిన పిల్లల్లో, పట్టుకారు వేసి తీసిన పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపించడంతో ఆ మాట చాలాకాలం నిలిచింది. కానీ సిజేరియన్‌తో పుట్టినవాళ్లలోనూ కనిపిస్తోంది. గర్భంలో చోటు చాలక తల ఒకే వైపు ఒరిగి ఉండిపోవడం, ఆ ఒత్తిడికి కండరానికి రక్తప్రసరణ తగ్గి లోపల వాపు వచ్చి మచ్చకట్టడం కారణమని ఇప్పుడు ఎక్కువమంది నమ్ముతున్నారు. కాన్పు చేసిన డాక్టరమ్మనో, నర్సునో వెంటనే తప్పుపట్టడానికి ఆధారం లేదు. గ్రహణం నాడు తల్లి బయటికొచ్చిందని, ఏదో కోసిందని ఆమె మీద నింద వేయడానికి అసలే లేదు. ఈ రెండో నింద ఇంకా మన ఊళ్లలో బతికే ఉంది. దానివల్ల జరిగే నష్టం మాటపడడంతో ఆగదు. తప్పు తనదేనని నమ్మిన తల్లి బిడ్డ మెడను నలుగురిలో చూపించడానికి వెనకాడుతుంది, ఆ వెనకాడడంలో నెలలు పోతాయి.

ఈ లోపానికి ఒక దొంగ గుణం ఉంది. పుట్టిన రోజున మెడలో ఏమీ తెలియకపోవచ్చు. రెండు మూడు వారాలకు కండరంలో గట్టిగా చిన్న గడ్డ చేతికి తగులుతుంది. ఇంట్లోవాళ్లు హడలిపోతారు, క్యాన్సరేమోనని. అది క్యాన్సర్ కాదు. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్‌తో తేలిపోతుంది. తర్వాత కొద్ది నెలల్లో ఆ గడ్డ దానంతటదే కరిగిపోతుంది. అసలు చిక్కు ఇక్కడే. గడ్డ పోయింది గనక జబ్బు పోయిందనుకుంటారు, కాని గడ్డ కరిగిన చోట కండరం పొట్టిగానే మిగిలిపోవచ్చు. ‘కాస్త పెద్దయితే అదే సర్దుకుంటుంది’ అన్న పెద్దల మాటకు బలం ఈ కరిగిపోవడం నుంచే వస్తుంది. ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. తేలికపాటి వంకరలు కొన్ని నిజంగానే సర్దుకుంటాయి. అయితే ఏ బిడ్డది సర్దుకునేదో, ఏ బిడ్డది మొండికేసేదో ఇంట్లో కూర్చుని చెప్పలేం. తేల్చుకునేలోపు పోయే కాలం మాత్రం తిరిగి రాదు.

ఆ కాలం విలువ ఎంతో చెప్పే అంకెలున్నాయి. అమెరికా ఫిజియోథెరపిస్టులు 2013లో రాసి 2018లో సవరించిన మార్గదర్శకాల్లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూశారు. బిడ్డకు నెల నిండకముందే కసరత్తు మొదలుపెడితే నూటికి 98 మందికి నెలన్నరలో మెడ మామూలుగా తిరుగుతుంది. నెల దాటాక మొదలుపెడితే అదే ఫలితానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. ఆరు నెలలు దాటాక మొదలుపెడితే తొమ్మిది పది నెలలు పడుతుంది, అప్పుడు కూడా పూర్తిగా బాగుపడేవాళ్ల సంఖ్య తగ్గుతూ పోతుంది. హాంకాంగ్‌లో జాక్ చెంగ్ బృందం 821 మంది పసివాళ్లను గమనించి 2001లో ఫలితాలు ప్రచురించింది. గడ్డ తగిలిన 452 మందిలో చివరికి ఆపరేషన్ అవసరమైంది నూటికి ఎనిమిది మందికి. గడ్డ లేకుండా కండరం బిగుసుకున్న 276 మందిలో నూటికి ముగ్గురికి. తల వాల్చడమే తప్ప కండరంలో బిగువు లేని 93 మందిలో ఒక్కరికీ అక్కర్లేకపోయింది. ఈ అంకెల్లో ఒక మెలిక ఉంది, దాన్ని దాచకూడదు. హాంకాంగ్‌లో బిగువు ఎక్కువున్న పిల్లలకు వారానికి మూడుసార్లు కసరత్తు చేయించింది అనుభవజ్ఞులైన ఫిజియోథెరపిస్టులు. మరి కోడూరు మండలంలో ఇంట్లో తల్లి చేయిస్తే అదే ఫలితం వస్తుందా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు కెనడా నుంచి దొరుకుతుంది. అక్కడ 1994లో ప్రచురితమైన 101 మంది పిల్లల అధ్యయనంలో రోజువారీ కసరత్తు తల్లిదండ్రులే ఇంట్లో చేయించారు. ఫిజియోథెరపిస్టు నేర్పి, మధ్యమధ్య చూసేవారు. ఒక్కరు తప్ప అందరికీ మెడ పూర్తిగా తిరిగింది. పట్టిన కాలం సగటున ఐదు నెలల లోపే. ఇంటి చేతులు చాలవన్న వాదన దీంతో నిలవదు. నేర్పేవాళ్లు లేని ఇంటి చేతులు చాలవన్నది మాత్రం నిలుస్తుంది.

ఇంతకీ ఆ కసరత్తు ఏమిటి? కుడివైపు లోపమైతే, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ఒక చేత్తో కుడి భుజాన్ని కదలకుండా అదిమిపెట్టి, రెండో చేత్తో తలను మెల్లగా ఎడమ భుజం వైపు వంచుతారు. విడిగా, గడ్డాన్ని కుడి భుజం వైపు తిప్పుతారు. కొద్ది సెకన్లు ఆ స్థితిలో ఉంచి వదులుతారు. ఇలా రోజుకు చాలాసార్లు. బలవంతంగా మెలిపెట్టడం ఉండదు, బిడ్డ గిలగిల్లాడితే ఆపేస్తారు. ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టు దగ్గర చేతిలో చెయ్యేసి నేర్చుకోవాలి తప్ప, చదివి చేసేది కాదిది. మిగతా సగం చికిత్స కసరత్తులా కనిపించనే కనిపించదు. బిడ్డ తిప్పని వైపు గిలక్కాయ ఆడించడం, ఆ వైపు నుంచే పిలవడం, కిటికీ వెలుతురు ఆ వైపు పడేలా పడుకోబెట్టడం, మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా ఉంచడం. మన స్నానం పద్ధతి ఇందుకు ఎంత అనువుగా ఉంటుందో ఎవరూ గమనించినట్టు లేరు గాని, కాళ్లు చాపుకుని బిడ్డను కాళ్ల మీద ఒకసారి వెల్లకిలా, ఒకసారి బోర్లా వేసుకుని నలుగు పెట్టి నీళ్లు పోసే అమ్మమ్మకు ఈ పని సగం వచ్చినట్టే. అయితే ఆ అమ్మమ్మే మెడలో గడ్డను నూనెతో గట్టిగా రుద్దితే కరుగుతుందనుకుంటే అది వేరే సంగతి. రుద్దడం వేరు, సాగదీయడం వేరు. రుద్దితే కండరం పొడుగవదు. చీర ఉయ్యాల విషయంలోనూ చిన్న జాగ్రత్త ఉంది: అందులో ముడుచుకుని పడుకున్న బిడ్డకు తల తిప్పుకునే చోటు తక్కువ, కాబట్టి ఇలాంటి పిల్లలను మెలకువ వేళల్లో చాప మీదే ఎక్కువసేపు ఉంచడం మేలు.

ఇప్పుడు వ్యవస్థ సంగతి. ఆసుపత్రిలో కాన్పు అయిన ప్రతి బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలని నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం చెబుతోంది. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలల్లో మరో ఐదు సందర్శనలు. మధ్యలో ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకాలు. మెడలో గడ్డ చేతికి తగిలేది రెండు మూడు వారాలకని పైన అనుకున్నాం. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం పంపిన మనిషి ఆ గడపలో ఉంటుంది. బరువు తూస్తుంది, జ్వరం చూస్తుంది, బొడ్డు చూస్తుంది. మెడ చూడమని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 30 రకాల సమస్యల కోసం పిల్లలను పరీక్షించమంటుంది. పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో గ్రహణం మొర్రి ఉంది, కాలి వంకర ఉంది, తుంటి కీలు లోపం ఉంది. మెడ వంకర పేరు లేదు. జాబితాలో లేనంత మాత్రాన చూడొద్దని కాదు, చూసే డాక్టరు కనిపెడితే పైకి పంపుతారు. అయినా రాతలో లేనిది చేతల్లోకి రావడం ఎంత కష్టమో ప్రభుత్వ పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆశా కార్యకర్తల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉంది, ఇంకో రిజిస్టరా అని అడిగేవాళ్లుంటారు. రిజిస్టరు వద్దు. బిడ్డ రెండు భుజాల వైపూ సమానంగా తల తిప్పుతోందా, పాలు తాగేటప్పుడు ఒక వైపే ఇష్టపడుతోందా అన్న రెండు ప్రశ్నలు, ఒకసారి మెడ మీద వేళ్లు పెట్టి చూడడం, ఇంతే. అనవసరపు భయాలు పుట్టించి ఆసుపత్రులు నింపుతారన్నది మరో అభ్యంతరం. అనుమానం తప్పయినా జరిగే నష్టం ఏమిటి? బిడ్డను రెండో వైపు కూడా పడుకోబెట్టమన్న సలహా, ఒక పూట ప్రయాణం. అనుమానించాల్సిన చోట అనుమానించకపోతే జరిగే నష్టం దీనికి ఏమాత్రం సాటిరాదు. నాకు నిజంగా గట్టి అభ్యంతరంగా తోచేది ఇంకొకటుంది, అది మన ఆచారం నుంచి వస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లో. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి ప్రయాణం. అంటే మోపిదేవిలో పుట్టిన బిడ్డను మొదటి నెల చూసిన ఆశా వేరు, బంటుమిల్లిలోనో గుడివాడ పక్కనో తర్వాత చూసే ఆశా వేరు. మొదటామె గడ్డ చూసిందనుకుందాం. రెండో ఆమె వచ్చేసరికి గడ్డ కరిగిపోయి ఉంటుంది, సంగతి తల్లి చెబితే తప్ప తెలియదు. తల్లీబిడ్డల కార్డు మీద ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ తెగిన దారం అతుక్కుంటుంది.

పట్టించుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. ప్రాణానికి ప్రమాదం లేదు, అందుకే అలుసు. ఒకే వైపు ఆనించి పడుకోవడం వల్ల ముందు తల వెనక ఒక పక్క చదునుగా అవుతుంది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్లో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు అప్పటిదాకా జుట్టు కింద దాగిన ఆ చదును బయటపడుతుంది. తర్వాత వాలిన వైపు ముఖం చిన్నబోతుంది, కళ్లు ఒకే గీత మీద ఉండవు, భుజం పైకి లేస్తుంది, వెన్ను ఆ వంకరకు తగ్గట్టు తనూ వంగుతుంది. మెడ కండరాన్ని ఏ వయసులోనైనా వదులు చేయవచ్చు. ఎముక ఎదిగే తీరు మారిపోయాక ముఖాన్ని వెనక్కి తేవడం మాత్రం సర్జన్ చేతిలో ఉండదు. ఆపరేషన్‌కు వయసు పట్టింపు ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. ఏడాది నిండినా, ఆరు నెలల పాటు సరిగ్గా కసరత్తు చేయించినా మెడ తిరగడంలో పదిహేను డిగ్రీలకు మించి లోటు మిగిలితే, గట్టి తాడులా కండరం తగులుతుంటే, ఇక ఆగడంలో అర్థం లేదు. ఒకటి నుంచి నాలుగైదేళ్ల మధ్య, బడికి వెళ్లే లోపు చేయించడం మంచిదని ఎక్కువమంది సర్జన్ల మాట. ఏడాది లోపు తొందరపడడం కూడా మంచిది కాదు. కసరత్తుతో పోయేదానికి కత్తి పెట్టినట్టవుతుంది.

కత్తికి ముందు తేల్చాల్సింది ఒకటుంది: ఈ వంకర నిజంగా కండరానిదేనా? మెడలోని వెన్నుపూసలు పుట్టుకతోనే అతుక్కుపోయిన క్లిప్పెల్–ఫీల్ లోపంలోనూ మెడ వంకరగా ఉంటుంది. అది ఎక్స్‌రేలో తెలుస్తుంది, దానికి ఈ కసరత్తులు చేయించకూడదు. కంటి కండరాల్లో ఒకటి బలహీనంగా ఉంటే బిడ్డ రెండు బొమ్మలు ఒకటిగా కనిపించడం కోసం తల వాల్చుకుంటుంది. ఆ పిల్లలకు మెడ చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతుంది, చూడాల్సింది కంటి డాక్టరు. పుట్టినప్పుడు బాగుండి, రెండేళ్లకో ఐదేళ్లకో జ్వరం, గొంతునొప్పి తర్వాత హఠాత్తుగా మెడ వాలినా, వాంతులు, తూలుడు తోడైనా అది అత్యవసరం. ఇలాంటివాళ్లకు మెడ సాగదీయడం ప్రమాదం. మరోవైపు, కండరపు వంకర ఉన్న పిల్లల్లో కొందరికి తుంటి కీలులోనూ లోపం ఉంటుంది. మెడ చూసిన డాక్టరు తుంటి కూడా చూడాలన్నది ఇందుకే. 2016లో మధ్యప్రదేశ్ నుంచి ఢిల్లీ అపోలోకు వచ్చిన ఒక బాలుడి కథ దేశమంతా టీవీల్లో చూసింది. తల పూర్తిగా వేలాడిపోయిన ఆ బిడ్డకు జరిగింది వెన్నుపూసల మీద గంటలకొద్దీ సాగిన ఆపరేషన్. ఆ దృశ్యాలు మనసులో పెట్టుకుని కండరపు వంకరకు ఆపరేషన్ అనగానే బెదిరిపోవడం, ఒక జబ్బు భయాన్ని ఇంకో జబ్బుకు అంటగట్టడమే.

కండరం ఆపరేషన్ చాలా సాదాది. 17వ శతాబ్దంలోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పన్నెండేళ్ల పిల్లవాడికి ఇలా చేసిన సంగతిని నికొలాస్ టుల్ప్ అనే వైద్యుడు రాసిపెట్టాడు. రెంబ్రాంట్ గీసిన శవపరీక్ష చిత్రంలో పాఠం చెబుతున్న మనిషి ఈయనే. అప్పట్లో మత్తు లేదు. ఇప్పుడు బిడ్డకు పూర్తి మత్తు ఇచ్చి, కాలర్ బోన్‌కు కాస్త పైన చర్మపు ముడతలో మూడు నాలుగు సెంటీమీటర్ల కోత పెట్టి, కండరం కింది రెండు పాయలనూ, వాటిని చుట్టుకుని బిగిసిన పొరలనూ వదులు చేస్తారు. మత్తులో ఉండగానే తలను అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకా పట్టుకుంటున్న పోగు ఏదైనా ఉంటే దాన్నీ కోస్తారు. వంకర ముదిరినవాళ్లకు, పెద్ద పిల్లలకు చెవి వెనక కూడా చిన్న కోత పెట్టి పైకొసను వదులు చేయాల్సి రావచ్చు. కొందరు సర్జన్లు రొమ్ము ఎముక వైపు పాయను పూర్తిగా తెంపకుండా పొడుగు చేసి కుడతారు, మెడ ముందు కనిపించే సహజమైన ఆకారం పోకుండా. జాగ్రత్త ఎందుకంటే, ఆ చుట్టుపక్కలే పెద్ద రక్తనాళాలున్నాయి, భుజం ఎత్తడానికి పనికొచ్చే నరం ఆ కండరం లోంచే పోతుంది. అలవాటున్న పిల్లల సర్జన్, ఎముకల సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, ఎవరైనా చేయవచ్చు. దివిసీమ నుంచి చూస్తే విజయవాడ, గుంటూరు ప్రభుత్వ బోధనాసుపత్రులు, 2023లో మొదలైన మచిలీపట్నం ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. పులిగడ్డ–పెనుమూడి వంతెన వచ్చాక గుంటూరు దారి కూడా దగ్గరైంది. తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి వైకల్యాల సర్జరీలకే పేరుపడింది.

పసిబిడ్డకు మత్తిస్తే బుర్ర మందగిస్తుందన్న భయం తల్లిదండ్రులది, కొట్టిపారేయదగ్గది కాదు. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే, మూడేళ్ల లోపు పిల్లలకు మూడు గంటలు మించిన మత్తు, లేదా పలుమార్లు ఇచ్చే మత్తు విషయంలో హెచ్చరిక జారీ చేసింది. కాని గంట లోపు ఒక్కసారి ఇచ్చే మత్తు సంగతి వేరు. పలు దేశాల్లో పసివాళ్ల మీద జరిగి 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం, అలాంటి పిల్లల తెలివితేటల్లో ఐదేళ్ల వయసుకు ఏ తేడా లేదని తేల్చింది. ఈ ఆపరేషన్ మామూలుగా ఆ కోవకే చెందుతుంది. ఆడపిల్ల మెడ మీద మచ్చ పడితే రేపు పెళ్లికి ఇబ్బంది అన్నది ఇంకో అభ్యంతరం. చర్మపు ముడతలో పెట్టిన కోత ఏళ్లు గడిచేకొద్దీ గీతగా మాసిపోతుంది. వాలిన తల, చిన్నబోయిన ముఖం మాసిపోవు. పెళ్లి లెక్కలోనే చూసినా ఈ బేరం ఎటు లాభమో చెప్పడం కష్టం కాదు. ఆ లెక్కే బిడ్డ మెడను కొలిచే కొలబద్ద అవడం నాకు రుచించదు, అది వేరే విషయం.

ఇక అసలైన చోటికి వద్దాం. కోసి వదులు చేసిన చోట శరీరం తన పని తాను చేసుకుపోతుంది. మచ్చకట్టి, తెగిన కొసలను మళ్లీ దగ్గరికి లాగుతుంది. దాన్ని లాగనివ్వకుండా చూడడమే తర్వాతి చికిత్స. గాయం ఆరీ ఆరకముందే, వారం రెండు వారాల్లో కసరత్తులు మొదలవుతాయి. సర్జన్‌ను బట్టి ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా మెడకు పట్టీ ఉంటుంది. సాగదీయడం మూడు నుంచి ఆరు నెలలు సాగాలి. ఇంకొక ఇబ్బంది ఉంది. ఏళ్ల తరబడి వాలిన తలే నిటారు అని బిడ్డ మెదడు నమ్మి ఉంటుంది, తల నిజంగా నిటారుగా నిలబెడితే పడిపోతున్నట్టు అనిపించి మళ్లీ వాల్చేస్తుంది. అద్దం ముందు కూర్చోబెట్టి రోజూ నేర్పాలి. ఆపరేషన్ బాగా జరిగీ మెడ మళ్లీ వంగిందంటే చాలాసార్లు ఈ నెలలు చెడడమే కారణం. అవి ఎందుకు చెడతాయో దివిసీమలో వెతకాల్సిన పని లేదు. నాట్లు పడే రోజుల్లో ఆపరేషన్ అయితే తల్లి కూలికి పోక తప్పదు. ఎదురుమొండి దీవుల నుంచి పంటు ఎక్కి, నాగాయలంక మీదుగా అవనిగడ్డ వచ్చి, అక్కడి నుంచి విజయవాడకు బస్సు ఎక్కి వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లమంటే ఎన్ని వారాలు వెళ్తారు? ఆపరేషన్ ఖర్చును ఏ పథకం భరించినా ఈ బస్సు చార్జీలు, పోయిన కూలి డబ్బులు ఇంటి మీదే పడతాయి. పట్టణంలో గది తీసుకుని ఉండొచ్చు కదా అనేవాళ్లు ఆ కూలి లెక్క ఒకసారి వేసి చూడాలి.

కాలి వంకర విషయంలో ప్రపంచం ఈ పాఠం ముందే నేర్చుకుంది. పొన్సెటి పద్ధతిలో వారం వారం కట్టు మార్చి, మడమ వెనక స్నాయువును చిన్నగా కోసి, తర్వాత నాలుగేళ్ల వయసు దాకా ప్రత్యేక బూట్లు వేయిస్తారు. ఆ పద్ధతి మన జిల్లాల్లో నిలబడిందంటే, కట్టు మార్చే రోజు ఎవరొచ్చారో ఎవరు రాలేదో కనిపెట్టి ఫోన్ చేసే మనుషులు ఉండబట్టే. మెడ వంకరకు అంత ఏర్పాటు కూడా అక్కర్లేదు. అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రిలో వారానికి ఒక పూట పిల్లల కసరత్తులు తెలిసిన ఫిజియోథెరపిస్టు కూర్చుంటే చాలు. మిగతా రోజుల్లో ఇంటి నుంచే తల్లి చేయించేది వీడియో కాల్‌లో చూసి దిద్దవచ్చు. విలేజ్ క్లినిక్కుల్లో ఈ–సంజీవని మీద డాక్టర్లతో మాట్లాడే అలవాటు జనానికి ఇప్పటికే ఉంది. ఇంత కొద్దిమంది పిల్లల కోసం ఒక మనిషా అంటే, ఆ మనిషి దగ్గరికి పక్షవాతం వచ్చినవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, నడక ఆలస్యమైన పిల్లలు, అందరూ వస్తారు. మెడ వంకర పిల్లలు ఆ వరుసలో చివరి బెంచీ మీద ఇద్దరో ముగ్గురో ఉంటారంతే.

ఇప్పటికే పదేళ్లు, పదిహేనేళ్లు దాటినవాళ్ల మాట. వయసు దాటిందని వదులుకోనక్కర్లేదు. పెద్ద పిల్లల్లో, పెద్దవాళ్లలో కూడా ఆపరేషన్ తర్వాత మెడ తిరగడం బాగా మెరుగవుతుంది, నొప్పి తగ్గుతుంది; ముఖంలోని తేడా మాత్రం కొంత మిగులుతుంది, ఆ సంగతి ముందే ఒప్పుకుని థియేటర్‌లోకి వెళ్లాలి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏది వర్తిస్తుందో ఆసుపత్రి కౌంటర్లోని ఆరోగ్యమిత్ర చెబుతారు. వెళ్లేటప్పుడు కాన్పు కాగితం, టీకాల కార్డు, ఫోన్‌లో ఉన్న పసితనపు ఫొటోలు వెంట ఉండాలి. వంకర పుట్టుకతో వచ్చిందా, మధ్యలో వచ్చిందా అన్నది చాలాసార్లు ఆ ఫొటోలే చెబుతాయి. తేదీ ఖాయం చేసుకునే ముందు డాక్టరును అడగాల్సినవి కొన్నున్నాయి: మెడ ఎక్స్‌రే తీశారా, కన్ను, తుంటి చూశారా, కసరత్తు ఎవరు నేర్పుతారు, మొదటి నెల ఎన్నిసార్లు రావాలి. నాట్లు, కోతల రోజులు తప్పించి తేదీ ఇవ్వమని కూడా అడగవచ్చు, ఈ ఆపరేషన్‌కు నెల అటూ ఇటూ అయితే వచ్చే నష్టమేమీ లేదు.